అన్నానికి షరతుల్లేవు

"పాతికేళ్లొచ్చాయి, వాడి ఖర్మ వాడిది" అని మా చుట్టాలు తేల్చేశారు. తల్లికి అలా తేలదు. మా పెద్దమ్మ కొడుకు బీటెక్‌లో ఉండగా గంజాయి మొదలుపెట్టాడు. ఉద్యోగం పోయాక గానీ ఇంట్లో తెలియలేదు.

మొదట పెద్దమ్మ అప్పులు తీర్చింది. పెదనాన్నకి చెప్పకుండా గాజులు తాకట్టు పెట్టింది. ఒకటి తీరేలోపు ఇంకో అప్పు పుట్టేది. డీఅడిక్షన్ సెంటర్‌లో కౌన్సెలర్ ఆవిడనీ కూర్చోబెట్టి మాట్లాడాక పద్ధతి మారింది. ఇప్పుడు చేతికి డబ్బివ్వదు. ఫోన్ రీఛార్జ్, బస్ పాస్ తనే కడుతుంది. ఇంటికి ఎంత ఆలస్యంగా వచ్చినా అన్నం మాత్రం పెడుతుంది. "అన్నానికి షరతులేంటి?" అంటుంది.

రెండుసార్లు మానేసి మళ్లీ మొదలెట్టాడు. ఆ రెండుసార్లూ ఆవిడే తోడుండి ఆస్పత్రికి తీసుకెళ్లింది.

చాలా ఇళ్లలో పోలీస్ కేసు భయంతో ట్రీట్‌మెంట్ దాకా వెళ్లరు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడినందుకో, చిన్న మొత్తం దొరికినందుకో కేసు పడ్డ బానిస తనంతట తాను గుర్తింపు ఉన్న సెంటర్‌లో చికిత్సకి చేరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. మధ్యలో మానేస్తే అది పోవచ్చు. అమ్మేవాళ్లకి ఇది వర్తించదు.

అన్నయ్య మానేసి ఏడు నెలలైంది. పెద్దమ్మ ఇంకా గాజులు విడిపించలేదు. ముందు వాడి మందుల ఖర్చు అంటోంది.

మన హాస్టల్లోనూ ఎవరికైనా అవసరం పడొచ్చు. జాతీయ హెల్ప్‌లైన్ 14446. ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు.