ఉలి వీపు

ముప్పై ఏళ్లుగా అటక మీద పడున్న తాతయ్య ఉలులు ఐదూ గోనెపట్టాలో చుట్టుకుని, అమలాపురం పక్క పల్లెలో ఓ వడ్రంగి పాకకు వెళ్లాను. కోనసీమ గాలిలో తేమా ఎక్కువే, ఉప్పూ ఎక్కువే. నూనె చెయ్యి తగలని ఇనుము ఒక్క వానాకాలానికే ఎర్రబడిపోతుంది.

పెద్దాయన ఒక ఉలి తీసి గోటితో గీకాడు. తుప్పు పొడిపొడిగా రాలింది.

"గ్రైండరు మీద పెడితే?" అన్నాను.

"అమ్మో, వద్దండి. అంచు నీలం తిరిగిందంటే పానం పోయినట్టే. ఇంకెంత నూరినా పదును నిలవదు."

ముందు పిడులు ఊడదీశాడు, నీళ్లు తాగి కర్ర ఉబ్బకుండా. ప్లాస్టిక్ బకెట్టులో లీటరు నీళ్లకు 50 గ్రాముల లెక్కన నిమ్మ ఉప్పు కరిగించి, ఉలులు పూర్తిగా ముంచాడు. సన్నటి బుడగలు లేచాయి.

"రేపు పొద్దున్నే వచ్చెయ్యండి. తుప్పు అయిపోయాక ఈ పులుపు మంచి ఇనుమును తినడం మొదలెడుతుంది."

మర్నాటికి ఉలులకు నల్లటి మసి పట్టి ఉంది. ఇత్తడి బ్రష్షుతో తోమితే బూడిదరంగు ఇనుము బయటపడింది. పులుపు విరగడానికి బట్టల సోడా నీళ్లలో ముంచి, తీసీ తీయగానే తుడిచి, ఎండలో ఆరబెట్టి మిషను నూనె రాశాడు. తడిగా వదిలేస్తే కళ్లముందే మళ్లీ ఎర్రపొర కమ్ముతుందట.

తుప్పు పోయింది. అది తిన్న చోట గుంటలు మిగిలాయి. ఉలి ముఖం మీది గుంటల్ని ఆయన పట్టించుకోలేదు. వీపు తిప్పి మాత్రం అంచు దగ్గరి అంగుళం మేర నూనెరాయి మీద చాలాసేపు రుద్దాడు. ముఖం వాలూ, వీపూ కలిసేచోటే పదును. వీపున గుంట ఉంటే, నూరుతూ నూరుతూ అంచు అక్కడికి చేరినప్పుడు అది గాటైపోతుంది.

నాలుగు ఉలులు లొంగాయి. ఐదోదాన్ని టేకుముక్క మీద నడిపించి, "వేలు పెట్టి చూడండి" అన్నాడు. నున్నటి చెక్క మీద వెంట్రుకంత గీత వేలికి తగిలింది. కంటికి ఆనని గుంటను చెక్క పట్టిచ్చేసింది.

ఆయన మారు మాట్లాడకుండా రాయి మీద నాలుగు చుక్కల నూనె వేసి, ఉలిని మళ్లీ వీపు మీదికి తిప్పాడు.