తిరిగి చేరని పాత్రలు

హోసూరు ప్రాంతమున తెలుగున చదువుకొని, నేడు కంప్యూటరు పనితో జీవించుచున్న నన్ను, వృత్తి ముచ్చట యొకటి వ్రాయుమని ఉపాధ్యాయులు కోరినారు. నాకు జ్ఞప్తికి వచ్చినది ఒక దిద్దుబాటు. అందు నేను చేసిన తప్పు.

లినక్సు అను వ్యవస్థను 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. దానిని ఎవరైనను చదివి, దిద్ది పంపవచ్చును. దాని మూలభాగము కెర్నెలు. పరికరములతో వ్యవహరించు భాగములు డ్రైవర్లు. డ్రైవరు తన పనికై కొంత మెమరీ నడిగి పుచ్చుకొని, పని తీరగనే అప్పగింపవలెను. మనము వాడుకొను సాధారణ ప్రోగ్రాము మరచినను, అది ముగియగానే వ్యవస్థయే దాని మెమరీని వెనుకకు తీసికొనును. కెర్నెలులోని డ్రైవరు మరచినచో అడుగువారు లేరు; యంత్రము నాపి మరల నడుపువరకు ఆ అప్పు తీరదు.

నేను చూచిన డ్రైవరు ఒక యు.ఎస్.బి. పరికరమునకు సంబంధించినది. అన్నియు సవ్యముగా జరిగినచో లోపము లేదు. తగిలించిన పిమ్మట నడుమ నేదైన చెడినప్పుడు మాత్రము, తీసికొన్న మెమరీ నప్పగింపకయే వెనుదిరుగుచుండెను. మా యూర పెండ్లికి ఇరుగుపొరుగుల గుండిగలు తెచ్చుట కలదు. జరిగిన పెండ్లి పాత్రలు మరునాడే తిరిగి చేరును. ఆగిపోయిన పెండ్లి పాత్రల నెవరు తలచెదరు? దుర్బుద్ధి గలవాడు కావలెనని చెడిన పరికరమును మరల మరల తగిలించినచో, మెమరీ యంతయు హరించి యంత్రము నిలిచిపోవును. కనుకనే దీనిని భద్రతాలోపముగా నెంచుదురు.

2009లో కెర్నెలున చేరిన 'కెమెమ్‌లీక్' అను సాధనము, ఎవరి చేతిలోను లేని మెమరీని వెదకి చూపును. దాని సాయమున చోటు దొరకెను. ఒక్క పంక్తి చేర్చి, గర్వముతో పంపితిని.

మరునాడు పరిశీలకుని జాబు వచ్చెను. వేరొక మార్గమున అదే మెమరీ ముందే అప్పగింపబడుచున్నదట! నా పంక్తితో అది రెండుమార్లగును. జాబు ఇంగ్లీషున నున్నది, నాకర్థమైనది గుండిగలతోనే. ఒకసారి తిరిగివచ్చిన గుండిగను కెర్నెలు మరియొక యింటికి ఇచ్చియుండవచ్చును. రెండవ అప్పగింత యన, ఆ యింటి పొయ్యిమీది గుండిగను లాగికొనుటయే. మొదటి లోపముకంటె ఇది ఘోరము; యంత్రమే ఇతరుల వశము కావచ్చును.

మూడు రాత్రులు కాగితముపై చెడు త్రోవ లన్నియు గీచికొంటిని. మంచి త్రోవ నందరును పరీక్షించియుండిరి. ఆ త్రోవలలో నడచినవా రెవరును లేరు. తుదకు అప్పగింతల నన్నిటిని చివర నొక్కచోట, తీసికొన్న వరుసకు తలక్రిందుగా నమర్చితిని. ఈసారి అంగీకరించిరి.

అమ్మకు ఇదంతయు వివరింపగా, శ్రద్ధగా విని, “ఇంతకును ఆ పెండ్లి ఎందు కాగినదిరా?” అని యడిగినది.