టేపు తిరగని రాత్రులు

శాక్సోఫోన్ అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది కద్రి గోపాల్‌నాథ్. కోల్‌కతాలో ఆ వాద్యానికి మరో చరిత్ర ఉంది. 1970లలో పార్క్ స్ట్రీట్‌లోని బ్లూ ఫాక్స్ రెస్టారెంట్లో రాత్రయితే జాజ్ మోగేది. పియానో మీద లూయీ బ్యాంక్స్, మైకు ముందు పామ్ క్రేన్, శాక్సోఫోన్‌తో గోవాకు చెందిన బ్రాజ్ గోన్సాల్వెజ్.

అమెరికాలో అప్పటికే ఆ వాద్యం రెండు దారులు తొక్కింది. బ్లూస్, చర్చి పాటల ఊపు నింపుకున్న హార్డ్ బాప్ ఒకటి. సోనీ రోలిన్స్ 'శాక్సోఫోన్ కొలోసస్' (1956) అందుకు మచ్చుతునక. ముందుగా కట్టుకున్న స్వరాల చట్రాన్నే వదిలేసిన అవాంట్-గార్డ్ రెండోది. 1959లో ఆర్నెట్ కోల్‌మన్ దానికి బాట వేశారు. రెండు దారుల్లోనూ నడిచిన జాన్ కోల్ట్రేన్ మన సంగీతం వైపు చూశారు. 1965లో పుట్టిన కొడుక్కి రవిశంకర్ పేరే పెట్టుకున్నారు. గోన్సాల్వెజ్ అదే ప్రయాణం ఇటువైపు నుంచి చేశారు. ఆయన 'రాగ రాక్' రికార్డు 1970లో వచ్చింది.

జాజ్‌లో మనోధర్మమే ప్రాణం. ఈ రాత్రి వాయించింది రేపు ఉండదు. కోల్ట్రేన్ 'ఇండియా'ను 1961లో వాయించింది న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ అనే చిన్న క్లబ్బులోనే. అక్కడ టేపు తిరిగింది కాబట్టి లోకానికి దక్కింది. డమ్‌డమ్‌లో గ్రామఫోన్ ఫ్యాక్టరీ ఉండి కూడా పార్క్ స్ట్రీట్ రాత్రుల్లో రికార్డుకెక్కినవి బహు స్వల్పం.

ఫ్రీ స్కూల్ స్ట్రీట్ పాత రికార్డుల కొట్లలో వెతికితే కోల్ట్రేన్ దొరకవచ్చు. బ్లూ ఫాక్స్ రాత్రులు మాత్రం విన్నవారి జ్ఞాపకాల్లోనే ఉన్నాయి. వారూ వృద్ధులయ్యారు. ఎవరి అటకమీదైనా ఒక పాత టేపు మిగిలి ఉంటే దాన్ని దించాల్సిన సమయమిది.