ఎసట్లో పోయకముందే

మేళ్లచెరువు దారిలో ముందూ వెనకా సిమెంటు లారీలే. స్వయంభు శంభులింగేశ్వరుడి గుడి, నేల కింది సున్నపురాయి ఈ ఊరికి పేరు తెచ్చాయి. శివరాత్రి జాతరకు, ఎడ్ల పందేలకు జనం విరగబడి వస్తారు. నేను వెళ్లింది ఆ సందడి సద్దుమణిగాక, క్రైస్తవుల శ్రమల దినాల్లో ఒక ఆదివారం.

రేకుల కప్పు వేసిన చిన్న బాప్టిస్టు ప్రార్థన మందిరం. గుమ్మం బయట చెప్పులు, లోపల చాపలు. తలమీద కొంగు కప్పుకున్న ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు మరో పక్క. కతోలికుల గుడిలో ఎదురుగా బలిపీఠం కనిపిస్తుంది, వాళ్లు పూజను దివ్యబలి పూజ అంటారు. ఇక్కడ ఆ చోట ప్రసంగ వేదిక ఉంది. బలి సిలువ మీదే పూర్తయిందని, ఇక మనిషి ఇవ్వాల్సింది తన బతుకేనని వీళ్ల బోధ. పౌలు రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయం చెప్పే సజీవ యాగం అదే.

ఆ రోజు ప్రసంగం అబ్రాహాము, ఇస్సాకుల మీద. తండ్రి కత్తి ఎత్తిన ఘట్టాన్ని పాస్టరుగారు రెండు మాటల్లో ముగించి, దేవుడు ఆ చేతిని ఆపిన చోట ఆగారు. "అడిగింది కొడుకును, తీసుకున్నది పొట్టేలును. దేవుడి పేరు చెప్పి మీ పిల్లల నోటికాడ కూడు అడిగేవాళ్లను నమ్మకండి" అన్నారు.

కానుకల వేళ ఆడవాళ్లు చిన్న సంచులు తెచ్చి బియ్యం పళ్లెంలో పోశారు. మిరప కోతలకు వెళ్లే ఒక పెద్దావిడను ఆరాధన అయ్యాక పలకరించాను.

"వందనాలు బాబూ. వండాక తీస్తే మిగిలింది ఇచ్చినట్టు. అందుకే ఎసట్లో పోయకముందే గుప్పెడు పక్కన పెడతా."

"కూలి దొరకని రోజు?"

"ఆ రోజు గుప్పెడు చిన్నదైతది. మానను."

ఆ బియ్యంలో కొంత పాస్టరుగారి ఇంటికి, కొంత మంచాన పడ్డవాళ్లకు వెళుతుందట. డబ్బు కానుకల లెక్కను సంఘపెద్ద నోటుపుస్తకం తెరిచి అందరి ముందూ చదివాడు.

ఈ ఉమ్మడి నల్గొండ జిల్లాలో బాప్టిస్టు మిషన్ వేళ్లూనింది కూడా ఇలాంటి కానుకలతోనే. 1890 ప్రాంతంలో నల్గొండకు వచ్చిన అబ్రహాం ఫ్రీజెన్ నాటి రష్యాలోని మెనోనైట్ బ్రెదరన్ సంఘాలకు చెందినవాడు. అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి పనిచేశాడు. అతన్ని పంపిన సంఘాల్లోనూ ఎక్కువమంది సేద్యం చేసుకునేవాళ్లే. మొదటి ప్రపంచ యుద్ధం, అది సాగుతుండగానే వచ్చిన 1917 విప్లవం ఆ సంఘాలు పంపే సాయాన్ని తెంచేశాయి. ఇక్కడి సంఘాలు మాత్రం నిలిచాయి.

సమర్పణ అనగానే ప్రాణత్యాగాలే గుర్తొస్తాయి మనకు. రేపు కూలి ఉంటుందో లేదో తెలియకుండా ఇవాళ్టి గింజలు ముందుగా తీసి పెట్టడం అంతకంటే తేలికని నేననుకోను. కానీ ఎంత ఇవ్వాలన్నది ఆ గుప్పెడు తీసే చెయ్యి నిర్ణయించుకోవాలి. ఇతరుల్ని త్యాగం చెయ్యమనేవారు ముందు తమ లెక్క చదివి వినిపించాలి. మేళ్లచెరువులోని ఆ రేకుల మందిరం ఆ పని చేస్తోంది, పెద్ద మందిరాలు కూడా చెయ్యాలి.