చెమట పట్టకుండా కొండెక్కడం

గన్నిసన్, కొలరాడో
సెప్టెంబరు 12

బాపూ,

క్షేమంగా చేరాం. ఈ ఊరే 7,700 అడుగుల ఎత్తులో ఉంది. రేపు వెస్ట్ ఎల్క్ కొండల్లో పదివేల అడుగులు దాటాక గుడారం వేస్తాం. వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు రెండు డిగ్రీలు తగ్గుతుందని లెక్క.

నీకు వేటేమిట్రా అంటావు. విల్లూ లైసెన్సూ నా స్నేహితుడివి, నేను వెంట పోతున్నానంతే. మన దగ్గర 1972 చట్టంతో వేట ఆగిపోయింది గానీ, ఇక్కడ రాష్ట్ర వన్యప్రాణి శాఖే సెప్టెంబరును ఇంచుమించు మొత్తం విలుకాళ్లకు ఇస్తుంది. వేటాడేది ఎల్క్‌ను. మన కణుజుకు చుట్టమే. పోతు మూడు వందల కిలోల దాకా తూగుతుంది.

రాత్రి అతను సంచి సర్దుతుంటే చూశాను. నూలు బట్ట ఒక్కటీ లేదు, బనీనుతో సహా! నూలు చెమటను పీల్చి వదలదు, ఆ తడి ఒంట్లో వేడిని లాగేస్తుంది. అతనివన్నీ మెరీనో ఊలువి. తన బరువులో మూడో వంతు తేమ పీల్చినా ఊలు ఒంటికి తడిగా తగలదు, తొందరగా కంపు కొట్టదు. వానలో మన కురుమలు గొంగడి కప్పుకుని గొర్రెల వెంట తిరిగేది ఇందుకే గదా. వీళ్లది సన్న ఊలు, గుచ్చుకోదు.

వెస్ట్ ఎల్క్ కొండలు
సెప్టెంబరు 14

బాపూ,

ఇది కిందికి దిగాక పోస్టు చేస్తాను.

చీకట్లోనే బయల్దేరాం. పళ్లు టకటకలాడుతున్నా అతను సింథటిక్ దూది జాకెట్టు విప్పి సంచిలో పెట్టించాడు. కాస్త వణుకుతూ మొదలుపెట్టాలట. వెచ్చగా మొదలుపెడితే సగం కొండకే చెమట, పైన కూర్చున్నాక ఆ చెమటే చలి. గట్టెక్కి కూర్చోగానే, చలి పుట్టకముందే, మళ్లీ తొడిగాం. బాతు ఈకలది ఇంకా తేలికట గానీ, తడిస్తే ముద్దవుతుందని సింథటిక్ దూదిదే తెచ్చాడు.

తుపాకీ వాళ్లకు ఇంతతో సరి. విలుకాడు నలభై గజాల్లోకి పోవాలి, అంత దగ్గర గుడ్డ చప్పుడు కూడా వినిపిస్తుంది. వాన కోటు గరగరలాడుతుంది కాబట్టి వాన పడితే తప్ప తీయడు. పైన మెత్తటి ఫ్లీస్, దాని మీద చేతుల్లేని కోటు. ఎందుకంటే బాణం వదిలినప్పుడు అల్లెతాడు ఎడమ చేతి పక్క నుంచే దూసుకుపోతుంది. ఉబ్బిన జాకెట్టు చెయ్యి తగిలితే గురి తప్పినట్టే. ముంజేతికి తోలు పట్టీ కూడా కడతాడు. ఈ బట్టలన్నీ వేసుకునే ఇంటి దగ్గర సాధన చేశాడట. నాకు అన్నిటికంటే తెలివైన పని అదే అనిపించింది.

పొద్దున చల్లగాలి లోయలోకి జారుతుంది గనుక మన వాసన అందకుండా జంతువుకు కింద ఉండాలి. ఎండెక్కాక గాలి పైకి మళ్లుతుంది, మనమూ పైకి మారాలి. బట్ట విప్పే వేళా అదే.

పోతు అరుస్తూ వచ్చింది. మొరటు జంతువుకు ఈల లాంటి గొంతేమిటో! అది చెట్ల చాటున ఉండగానే అతను చప్పుడు కాకుండా జాకెట్టు జార్చి విల్లెత్తాడు. అరవై గజాల దగ్గర నా మెడకు గాలి తగిలింది, అది మాయం.

రేపు మంచు పడేలా ఉంది. దిగగానే నీకూ ఒక మెరీనో బనీను కొంటాను, మార్గశిరంలో పొద్దున్నే బాయికాడికి పోవడానికి. ఛాతీ కొలత పంపు. అమ్మను మాత్రం అడగకు, ఆమె లెక్కలో నువ్వింకా పెళ్లినాటి మనిషివే.