తూత్తుకుడి ముత్యములు

మేము రామేశ్వర యాత్రకు బయలుదేరుచున్నామని విని మా ఆడుబిడ్డ ముందునాటి సాయంకాలము పరుగున వచ్చినది. ఆమె కుమార్తెకు ఫాల్గుణమాసమున వివాహము నిశ్చయమైయున్నది. నల్లపూసలలో గ్రుచ్చుటకు జత ముత్యములును, జత పగడములును కావలెను. చెంగున ముడివేసి తెచ్చిన రూకలను మా చేతిలో పెట్టి, "వదినా! సముద్రమునకే పోవుచున్నారు గదా. అంగడి ముత్యములందు నాకు నమ్మకము లేదు. తూత్తుకుడి సముద్రమున పుట్టిన అసలైన ముత్యములు రెండు తెచ్చిపెట్టుడు. పగడములును అచ్చటనే దొరకును" అనినది. ఆ రూకలు ఆమె ఎన్ని నెలలు పాలడబ్బులలో మిగిల్చి కూడబెట్టినదో మాకు తెలియును. కావున కాదనలేకపోతిమి.

మేము బడిలో చదివినవారము కాము. మా తండ్రిగారియొద్ద ఇంటనే కావ్యములు చదువుకొంటిమి. స్వాతివాన చినుకు ముత్యపుచిప్పలో పడి ముత్యమగునని చిన్ననాట నేర్చిన మాటను ఇంతకాలమును శంకించియుండలేదు. స్వాతికార్తెలోనే ప్రయాణము కుదురుట శుభశకునమని తలచి తిరుపతిలో రైలెక్కితిమి.

పాంబను కడ 1914లో కట్టిన పాతవంతెన ఇప్పుడు రైళ్లను మోయుట మానినది. దాని ప్రక్కనే 2025లో తెరచిన క్రొత్తవంతెన మీదుగ మా రైలు సాగినది. రామనాథస్వామి దర్శనమును గూర్చియు, ఇరువదిరెండు తీర్థముల స్నానమును గూర్చియు ఇదివరకే పలువురు సోదరీమణులు చక్కగ వ్రాసియున్నారు. మరల మేము వ్రాయ బనిలేదు.

మావారి పూర్వశిష్యుడొకడు తూత్తుకుడి రేవులో ఉద్యోగము చేయుచున్నాడు. గురువుగారు వచ్చినారని తెలిసి రామేశ్వరమునకే ఎదురువచ్చి, మరునాడు మమ్ము అడుగున అద్దము బిగించిన పడవలో ఎక్కించి సముద్రమును చూపెను. నీరు పలుచని గాజువలె నుండెను. జింకకొమ్ములవలె చీలినవి, మానవుని మెదడువలె మడతలు పడినవి, గొడుగులవలె విప్పారినవి, ఎన్నియో రూపములు మా పాదముల క్రిందుగ జరిగిపోవుచుండెను. ఇవియే పగడపు దిబ్బలు. రాళ్లని మేమనుకొంటిమి. అవి లెక్కలేనన్ని చిన్న ప్రాణులు తమ చుట్టును సున్నముతో కట్టుకొన్న ఇండ్లట. "మీరు మెడలో వేసికొను ఎఱ్ఱపగడము ఇచ్చటిది కాదమ్మా. అది పడమట మధ్యధరా సముద్రమున పుట్టును" అని ఆతడు చెప్పగనే మా ఆడుబిడ్డ కోరికలో సగము అచ్చటనే మునిగిపోయినది.

ఒకచోట అద్దము క్రింద బూడిదవన్నె పూత యొకటి కనబడెను. గోడకు మసి పులిమినట్లు అది ఒక పెద్ద దిబ్బను సగమువరకు కప్పియుండెను. పడవవాడు దానిని చూపి రోగమనెను. రోగము కాదట, స్పాంజి. టెర్పియోసు అని దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు. వంటింటి గిన్నెలు తోము స్పాంజికి అసలు రూపమైన సముద్రప్రాణికి ఇది జ్ఞాతి. కాని మహాక్రూరమైనది. పగడపు ప్రాణులపై పలుచగ పరచుకొని, వానికి వెలుతురు తగులనీయక చంపి, వాని ఇండ్లపైననే ఇంకను ముందుకు ప్రాకును. పాకు జలసంధిలో దీని బారిన పడిన దిబ్బలను శాస్త్రజ్ఞులు గుర్తించియున్నారు.

పరదేశపు నాచు ఒకటియు ఇచ్చట చిక్కు తెచ్చినది. ఫిలిప్పీను దీవులది. తీరమున సాగుచేయుటకై తెప్పించిరి. త్రాళ్లకు కట్టి సముద్రమున పెంచిన ఆ నాచు కట్టు విడిచి, కురుసడై ద్వీపముకడ పగడములపై ప్రాకినట్లు 2008లో వెల్లడియైనది. అయితే తీరపు పల్లెలలో ఎందరో స్త్రీలు మొలలోతు నీట నిలిచి ఆ నాచు పెంచుకొనియే పిల్లలకు అన్నము పెట్టుచున్నారు. దానిని ఒక్కమాటలో తిట్టివేయుటకు మాకు నోరు రాలేదు.

ఇంతకును మనుష్యులు చేసిన చెరుపు ముందు ఈ స్పాంజియు నాచును ఏపాటి? తూత్తుకుడి మొదలు రామేశ్వరము వరకు ఇరువదియొక్క చిన్న ద్వీపములు వరుసదీరి యుండెడివి. సున్నము కాల్చుటకై చుట్టునున్న పగడపు దిబ్బలను ఏండ్లతరబడి త్రవ్వి తీసికొనిపోగా, అలలకు అడ్డులేక రెండు ద్వీపములు నీట మునిగిపోయినవి. 1986లో ఈ సముద్రభాగమును జాతీయవనముగ ప్రకటించిరి. 2001 మొదలు పగడపు దిబ్బలను చట్టము పులితో సమానముగ కాపాడుచున్నది.

తిరిగివచ్చుచుండ వాన పడినది. స్వాతివాన! మేము అరచేయి చాచి రెండు చినుకులు పట్టితిమి. మావారు నవ్విరి.

కీళక్కరై మీదుగ రోడ్డుమార్గమున తూత్తుకుడి చేరితిమి. నగలవీధిలో మంచిపేరున్న అంగడి యని చెప్పగ అచ్చటికి వెళ్లి, ఈ సముద్రపు ముత్యములు కావలెనని అడిగితిమి. వర్తకుడు ఒక పెట్టె తెరచెను. తెల్లగ, గుండ్రముగ, ఒకదానికొకటి తీసిపోక మెరయుచుండెను. ఎచ్చటివని అడుగగ, "హైదరాబాదునుండి తెప్పించినాము" అని మాకు తెలిసిన తెలుగువారి ఊరి పేరే చెప్పెను. హైదరాబాదు ముత్యములలో పెక్కు చీనాదేశపు మంచినీటి చెరువులలో పెంచినవని మేమెరుగుదుము. ఉప్పునీటి ముత్యములకై ఇంతదూరము వచ్చి చెరువు ముత్యములు కొనుట యెట్లు? రూకల మూట మరల కొంగున ముడివేసికొంటిమి.

ఆనాటి సాయంకాలము శిష్యుడు మమ్మొక ముదుసలి ఇంటికి తీసికొనిపోయెను. ఆయన వయస్సు ఎనుబది. శంఖములకై సముద్రమున మునుగుట ఆయన కులవృత్తి. ఈ తీరమున కడపటి ముత్యపువేట 1955 మొదలు 1961 వరకు జరిగినది. ఆ కడపటి ఏట ఆయన పదునైదేండ్ల బాలుడుగ తండ్రితోకూడ పడవలో నుండెనట. కాలికి రాతిని తగిలించుకొని, త్రాడు పట్టుకొని, ఊపిరి బిగబట్టి అయిదు మొదలు పది బారల లోతునకు దిగుదురు. అందినన్ని చిప్పలు బుట్టలో వేసికొని త్రాడు లాగుదురు. వచ్చినదానిలో మూడింట రెండు పాళ్లు ప్రభుత్వమునకు, ఒక పాలు మునిగినవారికి. చిప్పలను వేలకొలదిగ పోగులుపెట్టి వేలమువేయుదురు. లోపల ముత్యమున్నదో లేదో కొనువానికిని తెలియదు, అమ్మువానికిని తెలియదు. చిప్పలను కుళ్లబెట్టి కడిగిననే తెలియును. ఆ దుర్గంధమును గూర్చి ఆయన చెప్పినదంతయు ఇచ్చట వ్రాయము.

పాండ్యరాజుల కొర్కై రేవు ఇచ్చటికి దూరము కాదు. ఇప్పుడది సముద్రము వెనుకకు జరిగిపోగా పొలముల నడుమ పల్లెయై యున్నది. రెండువేల ఏండ్లనాటి యవన నావికుని గ్రంథమున ఈ రేవుకడ శిక్షపడిన ఖైదీలచేత ముత్యములు తీయించిరని యున్నది. కంఠహారములను వర్ణించు కవులెవరును ఈ సంగతి మాకు చెప్పియుండలేదు.

"1961 తరువాత ఏల మానివేసిరి?" అని అడిగితిమి. ముదుసలి పెరటిలోనికి పోయి, గోడవార పోగుపడిన గుల్లలలోనుండి ఒక ముత్యపుచిప్పను ఏరి తెచ్చి మా చేతిలో పెట్టెను. బయట జల్లెడవలె రంధ్రములు. వ్రేలితో నొక్కగ అంచు పొడిపొడి యయ్యెను.

ఆ రంధ్రములు తొలచినదియు ఒక స్పాంజియే. పగడములపై పరచుకొనునది వేరు, ఇది వేరు. చిప్ప గోడలోననే సొరంగములు చేసికొని కాపురముండును. దానికి తోడు వెండ్రుకవంటి పురుగు ఒకటి చిప్పలోనికి తొలుచుకొని వచ్చును. ఇక మాంసము తినునవి వేరు. ఒంటినిండ నూగుపొరగల ఒక నత్తజాతి గుల్ల, చిప్ప సందులోనికి పొడవైన తొండము చొప్పించి లోపలిదంతయు తినివేసి, రెండు డొప్పలను శుభ్రముగ విడిచిపోవును. ముళ్లగుల్లలు, నక్షత్రచేపలు, పీతలు, టేకుచేపలు, అన్నియు దీని పగవారే. తినక చంపునవియు కలవు. పట్టుపోగులవంటి దారములతో ఒకదానినొకటి అల్లుకొను చిన్నచిప్పలు గుంపుగ పుట్టి, తివాచివలె దిబ్బను కప్పి, క్రింది ముత్యపుచిప్పలకు ఊపిరాడనీయవు.

పురుగులే సర్వనాశనము చేసినవని మేము చెప్పము. 1902లో హెర్డ్‌మను అను ఆంగ్ల పండితుడు సింహళమునకు వచ్చి ముత్యపు దిబ్బలను పరీక్షించెను. ఆయన వెంటవచ్చిన హార్నెలు తరువాత మన మద్రాసు రాజధానిలో మత్స్యశాఖకు అధిపతి యయ్యెను. సింహళపు పెరియపారు దిబ్బపై ఇరువదేండ్లకు పైబడిన కాలములో పదునొకండు సారులు చిప్పపిల్లలు కుప్పలుగ పుట్టినను ఒక్కసారియు వేటకు ఎదుగలేదని వారు కనుగొనిరి. నైరృతి వానగాలి లేపిన కెరటములు వానిని లోతునకు ఊడ్చివేయునట. గాలి, కెరటము, శత్రువులు, మనుష్యుల ఆశ, ఇన్నింటిని దాటి నాలుగైదేండ్లు బ్రదికిన చిప్పలోననే మంచిముత్యము దొరకునని వినగ, మా పిల్లల బాలారిష్టములు జ్ఞాపకమునకు వచ్చినవి.

ముదుసలి చిప్పను త్రిప్పి లోపలివైపు చూపెను. ఆహా! ఇంద్రధనుస్సు రంగుల నునుపు. దాని నడుమ ఒక బొబ్బ. పురుగు లోపలికి తొలుచుకొని వచ్చినచోటనే ఆ ప్రాణి తన మెరుగును పొరలుపొరలుగ పోసి రంధ్రమును పూడ్చుకొన్నది. మరి ముత్యమెట్లు పుట్టును? ఒక బద్దెపురుగు పిల్ల చిప్పలో చేరుటచే పుట్టునని హెర్డ్‌మను తలచెను. ఇప్పటివారు దానిని కొంత సవరించిరి. మెరుగు పోయు పొరలోని కణములు, పురుగువలననో గాయమువలననో స్థానము తప్పి లోపలి మాంసమున చిక్కుకొని, అచ్చటను తమ పని మానక మెరుగు పోయుచుండును. అదియే ముత్యము. స్వాతివానకు ఇందు పాత్ర లేదు. ఒక దినమంతయు మాకు చిన్నబుచ్చినట్లుండెను.

ఈ మర్మము తెలిసిన పిమ్మట, చిప్పలోనికి చిన్నపూసను, మెరుగుపొర ముక్కను చొప్పించి ముత్యము పెంచు విద్యను 1973లో ఈ తూత్తుకుడిలోనే మన శాస్త్రజ్ఞులు సాధించిరి. 1981లో చిప్పపిల్లలను తొట్లలో పుట్టించిరి. కాని తెప్పలకు వ్రేలాడు పంజరములలోనికిని శత్రువులు రాక మానలేదు. నూగుగుల్ల కంటికానని పిల్లగ వలకన్నులలో దూరి, లోపలనే పెరిగి, ఇంటిదొంగవలె చిప్పలను ఒక్కొక్కటిగ తినివేయును. అందుచేత పంజరములను మాటిమాటికి పైకి తీసి, కత్తులతో గీకి, గుల్లలను ఏరివేయవలెను. తొలుచు పురుగులకు చేయు చికిత్స మాకు మిక్కిలి నచ్చినది. చిప్పలను కొన్నిగంటలు మంచినీటిలో నుంచుదురు. ముత్యపుచిప్ప తలుపులు బిగించుకొని ఓర్చుకొనును. తలుపులు లేని పురుగు మంచినీటికి తాళలేక చచ్చును.

ముదుసలి ఆ చిప్పకు వెల పుచ్చుకొనలేదు. ఇంటికి వచ్చి రూకల మూటను విప్పకయే మా ఆడుబిడ్డకు ఇచ్చి, చిప్పను చూపితిమి. "రాముడు సేతువు కట్టిన చోటికి పోయి పుచ్చిన చిప్ప తెచ్చితిరా వదినా!" అని ఆమె రెండుదినములు మాతో సరిగ మాటలాడలేదు. పెండ్లికి ముత్యములు హైదరాబాదునుండియే వచ్చినవి. పగడములు ఎచ్చటివో ఆమె అడుగలేదు, మేమును చెప్పలేదు.

మేనకోడలు మాత్రము చిప్పను కిటికీకడ వెలుతురుకు పట్టి చాలసేపు త్రిప్పి చూచినది. "అత్తయ్యా, బొబ్బ క్రింద పురుగు ఇంకను ఉన్నదా?" అని అడిగినది. ఎండిపోయి యుండునంటిమి. అత్తవారింటికి పోవునాడు పసుపుకుంకుమల పెట్టెలో దానిని పాతచీర పేలికలో చుట్టి పెట్టుకొన్నది.