తెల్లవారికో న్యాయం!

కోల్‌కతా హైకోర్టు చూడ్డానికి వెళ్లినవాళ్లు మరో నాలుగడుగులు వేస్తే చాలు, టౌన్‌హాల్‌ వచ్చేస్తుంది. ఎత్తైన మెట్లు, లావాటి స్తంభాలు... లాటరీలు వేసి కూడబెట్టిన డబ్బుతో 1813లో కట్టిన భవనమది. న్యాయానికి రంగు అంటగట్టిన ఓ పెద్ద గొడవకు వేదికైందీ ఈ హాలే!

అప్పట్లో చట్టం ఎంత చిత్రంగా ఉండేదంటే... కలకత్తా నగరంలో మెజిస్ట్రేట్‌గా ఉన్న భారతీయుడు ఆంగ్లేయుడి మీద కేసును విచారించొచ్చు. అదే అధికారి పదోన్నతి మీద జిల్లాకు వెళితే మాత్రం ఆ హక్కు ఉండదు! బిహారీలాల్‌ గుప్తా అనే ఐసీఎస్‌ అధికారి 1882లో ఈ సంగతినే ప్రభుత్వం దృష్టికి తెచ్చారు. వైస్రాయి రిప్పన్‌కు అది సబబనిపించింది. దాంతో న్యాయసభ్యుడు ఇల్బర్ట్‌ 1883 ఫిబ్రవరిలో బిల్లు పెట్టారు. జిల్లా మెజిస్ట్రేట్లు, సెషన్స్‌ జడ్జీలైన భారతీయులకూ ఆంగ్లేయులను విచారించే అధికారం ఇవ్వాలన్నదే దాని సారాంశం.

అంతే, తెల్లదొరలు భగ్గుమన్నారు. ఫిబ్రవరి 28న టౌన్‌హాల్‌ కిక్కిరిసిపోయింది. వ్యాపారులు, న్యాయవాదులు, తోటల యజమానులు ఒక్కటయ్యారు. నల్లవాడి ముందు బోనులో నిలబడటమా అన్నదే వాళ్ల బాధ. తోటల్లో కూలీలను కొట్టినా తమవాళ్ల ముందే విచారణ జరిగే వెసులుబాటును ఎవరు వదులుకుంటారు మరి!

నెలల తరబడి సాగిన ఆందోళనకు ప్రభుత్వం తలొగ్గింది. 1884 జనవరిలో చట్టమైతే వచ్చింది. కానీ, సగం మంది యూరోపియన్లో అమెరికన్లో ఉండే జూరీని కోరే హక్కు తెల్లవారికి దక్కింది. భారతీయ జడ్జికి కుర్చీ ఇచ్చినట్టే ఇచ్చి, పక్కన కాపలా పెట్టారన్నమాట.

అయితే గొంతు కలిపితే సర్కారు దిగివస్తుందన్న పాఠాన్ని తెల్లవారే మనవాళ్లకు నేర్పారు. 1883 డిసెంబరులోనే సురేంద్రనాథ్‌ బెనర్జీ తదితరులు కలకత్తాలో జాతీయ సదస్సు జరిపారు. 1885లో కాంగ్రెస్‌ పుట్టింది. బిల్లు నీరుగారినా రిప్పన్‌ను మాత్రం జనం మరిచిపోలేదు. చెన్నైలో 1913లో ప్రారంభమైన కార్పొరేషన్‌ కార్యాలయం పేరు రిప్పన్‌ బిల్డింగే!

విచారణలో జాతిభేదాలు 1923లో చాలావరకు తగ్గాయి. మిగిలినవాటిని స్వతంత్ర భారతం 1949లో చట్టం చేసి తుడిచేసింది. టౌన్‌హాల్‌కూ హైకోర్టుకూ మధ్య దూరం నాలుగడుగులే. ఆ సభ నుంచి అందరికీ ఒకే న్యాయం దాకా రావడానికి మాత్రం 66 ఏళ్లు పట్టింది!